బీడు నడిచి చూసినాకే గుర్రాన్ని వదలాల

అబ్బోడా, పెళ్ళి ఊరేగింపులకని నువ్వూ నీ స్నేహితుడూ తెల్ల గుర్రాన్ని కొన్నారని మీ అమ్మ చెప్పింది. పండగ దాటినాక దాన్ని తిరుచానూరు దావలో మన ఏటిగట్టు బీట్లో వదలాలని అనుకుంటున్నారంట కదా. వదలండి, నేను కాదనను. ఆ నేల గుర్రాలు మేసిన నేలే. ఆ చింతమొద్దును కొంచెం మంటలోకి నెట్టి ఇట్ట వచ్చి కూర్చో. అమ్మణ్ణీ, నువ్వు కూడా రా. ఈ సంగతులు తెలిసినోళ్ళు మన వీధిలో ఇంక శానామంది లేరు. నేనుండంగానే మీ చెవిన వెయ్యాల.

మనది జట్కా ఇల్లు. మా జేజినాయన బండి తోలినాడు, మా నాయన తోలినాడు. నేను చదువుకుని బళ్ళో అయివోరు పనికి పోయినాను గానీ, ఎస్సెల్సీ ముగిసేదాకా నాకు పొద్దు తెల్లారేది గుర్రపు లద్ది ఎత్తడంతోనే. ఆ కాలంలో తిరుపతి అంటే రైలుస్టేషను, గోవిందరాజుల గుడి, సత్రాలు, చుట్టూ కొన్ని వీధులు. రైలు దిగిన యాత్రికుణ్ణి సత్రానికి చేర్చేది జట్కా. కపిలతీర్థానికి, తిరుచానూరు అమ్మవారి గుడికి తిప్పేది జట్కా. కొండ మీదికి మోటారు రోడ్డు పడింది 1944లో. అంతకుముందు అలిపిరి కాడ బండి దిగితే ఆపైన కాలినడకే, నడవలేనోళ్ళకు డోలీ.

జట్కాకు కట్టేది మీ తెల్ల గుర్రమంత ఎత్తుండేది కాదు. పొట్టి తట్టు గుర్రం. బ్రహ్మోత్సవాల్లో దానికి తీరికనేదే ఉండదు. ఎనిమిదో దినం రాత్రి స్వామికి అశ్వవాహనం. ఆ రాత్రి మా నాయన మన గుర్రానికి నుదుట కుంకుమ పెట్టి, ఇంక నీకు సెలవు అనేవాడు. అవభృథం ముగిసి జనం పల్చబడినాక లాడాలు పీకించి, బీట్లో వదిలేవాడు. అప్పటికి వానలు పడి కసువు లేచి ఉంటుంది. గిట్టలకు కూడా ఇనుము లేకుండా నేల తగలాలని ఆయన పట్టు.

అయితే వదిలే ముందు ఆయన నడిచేవాడు. గట్టు పొంటి ఒక చుట్టు, ఆపైన సాలు సాలుగా బీడంతా. నేను గంప పట్టుకుని వెనకాల. గాజుపెంకు, తుప్పు పట్టిన మేకు, విరిగిన నాగలి ముక్క, ఏది కనిపించినా గంపలో వేసేది. ఎలుక బొక్కల్ని మట్టితో కూరి కాలితో తొక్కేది. పరిగెత్తే గుర్రం కాలు ఆ బొక్కలో పడిందంటే ఎముక విరుగుతుంది. విరిగిన గుర్రపు కాలు అతికేది శానా అరుదు. మేకు గుచ్చుకుంటే ఇంకో గండం, ధనుర్వాతం. పశువులన్నిట్లోకీ గుర్రానికే అది తొందరగా సోకుతుంది. దవడలు బిగుసుకుని, మేత నోటికి పోక నిలబడి ఉండే గుర్రాన్ని నేను చిన్నప్పుడు ఒక తూరి చూసినాను. ఆ చూపు ఇప్పటికీ తలుచుకోలేను. ఆ రోగానికి సూది ఉండాది, ఏటేటా వేయించుకోవచ్చు.

ఆపైన చెట్లు. మన ఊరు దేవుడి ఊరు కాబట్టి ప్రతి ఇంటి ముందరా పూజకని గన్నేరు ఉంటుంది. కొమ్మలు కత్తిరించినోళ్ళు తీసుకపోయి పక్క బీట్లో పడేస్తారు. పచ్చి గన్నేరు చేదు, గుర్రం ముట్టదు. వాడిపోయినాక, ఎండినాక చేదు తగ్గుతుంది గానీ విషం తగ్గదు. గుప్పెడాకు చాలు, గుండె ఆగిపోయేదానికి. ఆముదం గింజ కూడా అట్టిదే, గుర్రం దానికి ఆవుకంటే తొందరగా పడిపోతుంది. లేత జొన్నచేలో వదిలినా ప్రమాదమే. టమేటా తోట పీకేసిన తీగల్ని మేతని తెచ్చి వేస్తారు కొందరు, అదీ వద్దు. మామిడితోపులో నీడకు కట్టొచ్చు గానీ, కాయ రాలే నెలల్లో కాదు. టెంకలు మింగితే పేగులో అడ్డం పడతాయి.

ఇప్పుడు కంచె మాట. నేను నిన్ను పిలిచింది ముఖ్యంగా ఇందుకే. పోయిన ఏడు మీ చిన్నాయన ఆ బీటి చుట్టూ ముళ్ళతీగ లాగించినాడు. ఆవులకు, ఎనుములకు అది సరే. ఆవు తీగకు ఒళ్ళు తగిలితే వెనక్కి జరుగుతుంది. గుర్రం అట్ట కాదు. దానికి కొమ్ముల్లేవు, కోరల్లేవు. దానికి తెలిసిన రక్షణ ఒక్కటే, పరిగెత్తడం. బెదిరితే ముందు పరిగెత్తుతుంది, ఆ తర్వాతే ఏమిటని చూస్తుంది. దీపావళికి ఒక లక్ష్మీబాంబు పేలినా, వీధికుక్కలు గుంపుగా తరిమినా, నేరుగా పోయి తీగలో పడుతుంది. కాలు చిక్కినాక నిదానంగా నిలబడదు, గుంజుతుంది. మోకాలి కింద గుర్రానికి కండ లేదు. తోలు, నరం, ఎముక, అంతే. అక్కడ తెగిన గాయం నెలల తరబడి మానదు, మానినా నడక సరికాదు. మా బండి స్టాండులోనే ఒక సాయిబు మామ గుర్రం తీగలో పడి, మళ్ళీ బండికి పనికిరాకుండా పోయింది. ఆ మామ దాన్ని అమ్మలేదు. కూలికి పోయి సంపాదించి అది చచ్చేదాకా మేపినాడు. అంత మంచి మనిషిని నేను తక్కువ చూసినాను.

మా నాయన కంచె ఎట్ట ఉండేదంటే, రాతి కూసాలు నాటి వాటికి సరుగుడు వాసాలు రెండు వరసలు అడ్డంగా కట్టేవాడు. పైవాసం గుర్రం రొమ్ము ఎత్తుకు రావాల. మూలలు కోసుగా ఉంచేవాడు కాదు, ఇంకో కూసం నాటి గుండ్రంగా తిప్పేవాడు. రెండు గుర్రాలు కొట్లాడుకున్నప్పుడు బలహీనమైంది మూలలో ఇరుక్కుంటే తన్నులకు చస్తుంది. కంపచెట్ల కంచె కూడా ఆయనకు పడదు. కిత్తనార అసలే పడదు, ఆ ఆకు కొన సరిగ్గా గుర్రం కంటి ఎత్తుకు ఉంటుంది. కొత్త గుర్రం వస్తే వదిలిన మొదటి దినం పగలు, వెలుతురులో, తాడు పట్టుకుని కంచె పొంటి నడిపించేవాడు. హద్దు యాడుందో దానికి తెలియాల. వాసాలకు తెల్ల గుడ్డపేలికలు కట్టేది ఆడపిల్లల పని, మీ అత్తలు చేసేవాళ్ళు.

మన బీటి ఈశాన్యాన పాత మోటబావి ఉండాది, గుర్తుందా? దానికి ఒర లేదు. వానలకు అంచు కరుగుతా ఉంటుంది. గుర్రం దాంట్లో పడితే తీసే దిక్కుండదు. బావి చుట్టూ బండలు నిలబెట్టించాల, లేదంటే ఆ మూలను వేరుగా అడ్డుకట్టెయ్యాల. పక్క చేలోళ్ళు అడవిపందులకని రాత్రిళ్ళు కరెంటు తీగ పెడతారు. అది చట్టానికి విరుద్ధం, దాంతో మనుషులే పోతా ఉన్నారు. ముందు వాళ్ళతో మాట్లాడి తీయించి, ఆ తర్వాతే జంతువును తెచ్చే ఆలోచన చెయ్యండి. మోటారు వైర్లు కూడా నేల మీద పరిచి ఉంచొద్దు.

మీ స్నేహితుడు ముందుకాలికి తాడేసి గూటానికి కడతానన్నాడంట. మనిషి దగ్గర లేకుండా గుర్రాన్ని పొడుగు తాడుతో కట్టొద్దు. తిరిగి తిరిగి కాలికి చుట్టుకుంటుంది, గుంజేకొద్దీ గిట్ట మీద తోలు కోసుకుపోతుంది. కంచె బాగుంటే తాడుతో పనేముంది?

సరే, మేత. గుర్రం ఒళ్ళు చూసి మోసపోతారు మనుషులు. అంత ఒంటికి కడుపు మాత్రం చిన్నది, ఎనిమిది నుంచి పదిహేను లీటర్లకు మించి పట్టదు. ఆవు గబగబా మేసి, తీరిగ్గా పడుకుని నెమరేస్తుంది. గుర్రానికి నెమరు లేదు. కొంచెం కొంచెంగా, దినానికి పదహారు గంటలదాకా మేస్తానే ఉండాల దానికి. ఇంకో మాట, గుర్రానికి వాంతి కాదు. లోపలికి పోయింది చెడ్డదైనా వెనక్కి రాదు. అందుకే గుర్రానికి కడుపు నొప్పి అంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఇది నాకు పుస్తకం నేర్పింది కాదు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు. జనం పోటెత్తిన రోజులు. సత్రాల వెనకాల మిగిలిన అన్నం, పొంగలి కుప్పగా పోసి ఉన్నారు. సాయంత్రం బండి విప్పి, మా నాయన టీ తాగి వచ్చేలోపల గుర్రం పోయి ఆ కుప్ప తినేసింది. రాత్రి భోజనాలప్పుడు చూస్తే మేత ముట్టలేదు. తల తిప్పి డొక్క వైపు చూస్తా ఉండాది. వెనకకాలితో పొట్టను తన్నుకుంటా ఉండాది. మెడంతా చెమట. ఉన్నట్టుండి నేల మీద పడి దొర్లడం మొదలుపెట్టింది. మా నాయన దాన్ని లేపి, కళ్ళెం పట్టుకుని రోడ్డు మీద నడిపించినాడు. గట్టిగా దొర్లితే పేగు మెలిపడుతుందని ఆయనకు భయం. తిరుచానూరు రోడ్డు మీద ఆ కొసకు, ఈ కొసకు. లాంతరు పట్టుకుని నేను ముందర. అప్పుడు ఆ రోడ్డుకు రెండు పక్కలా వరి మళ్ళే, కప్పల అరుపులు తప్ప ఇంక చప్పుడు లేదు. వీధి పెద్దాయన ఒకాయన వాము, ఇంగువ, అల్లం కాచి వెదురుగొట్టంతో నోట్లో పోద్దామని తెచ్చినాడు. ఆవుకు అట్ట పోస్తారు కదా, ఆయన మంచికే తెచ్చినాడు. మా నాయన ఎందుకో సందేహించి, డాక్టరును అడిగినాకే అన్నాడు.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో పెట్టినారు. ఆడినుంచి ఒక డాక్టరు తెల్లవారుజామున సైకిలు మీద వచ్చినాడు. వచ్చీరాంగానే రెండు డొక్కలకూ గొట్టం ఆనించి విన్నాడు. బాగున్న గుర్రం పొట్టలో ఎప్పుడూ గుడగుడమని చప్పుడుంటుంది. ఆ చప్పుడు లేకపోతేనే భయపడాలని నాకు చెప్పినాడు. గుర్రానికి నోట్లో బలవంతంగా మందు పొయ్యకూడదన్నాడు, ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చంపుతుందంట. ముక్కులోంచి మెత్తటి రబ్బరు గొట్టాన్ని కడుపులోకి పంపి, ముందు లోపలి గాలినీ పులిసిన నీళ్ళనూ బయటికి తీసినాడు. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉండాది. ఆపైన అదే గొట్టంలో నూనె పోసినాడు. ఇంక కనిపెట్టుకుని ఉండడమే అన్నాడు. పొద్దు బాగా ఎక్కినాక లద్ది వేసింది. మా నాయన ఆ లద్ది చూసి, కొండకు తిరిగి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టినాడు. డాక్టరు రూపాయి పుచ్చుకోలేదు. ఆ దినం నుంచి బండెక్కిన యాత్రికులు ప్రేమతో గుర్రానికి అరటిపండ్లు, ప్రసాదం పెట్టబోతే మా నాయన చేతులు జోడించి వద్దనేవాడు. మీ పెళ్ళి గుర్రానికి కూడా విస్తరి కాడికి పోయే అలవాటు చెయ్యొద్దు.

కాబట్టి మేత ఎక్కువ భాగం కసువు, ఎండుగడ్డి. మన పక్క చెనక్కాయ కట్టె దొరుకుతుంది. అది బలమే, కానీ వానకు తడిసి బూజు పట్టిన కట్టె గుర్రానికి విషం. వామి నుంచి తీసినాక దులిపి, వాసన చూసి వెయ్యాల. ఉలవలు రాత్రి నానేసి, ఉడికించి, చల్లారినాక పెట్టేది, అదీ పని చేసిన దినమే. మూఢంలో, ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కదా, అప్పుడు గింజ తగ్గించాల. పని లేకుండా నిండు గింజ తిన్న గుర్రం మళ్ళీ పనికి పోయిన దినం తొడల కండ బిగుసుకుని అడుగు వెయ్యలేదు, గిట్టలోపల వాపు కూడా వస్తుంది. మన ఏటిగట్టు నేలంతా ఇసుక. మేతను నేల మీద వేస్తే గడ్డితో పాటు ఇసుక తింటుంది, అది పేగులో పేరుకుంటుంది. మా జేజినాయన కాలం నాటి రాతి తొట్టి బావి పక్కన బోర్లించి ఉండాది, దాన్ని తిరగేసి వాడుకోండి. నీళ్ళు దినానికి ముప్పై నలభై లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి నాకేదానికి ఉప్పుగల్లు పెట్టాల.

నీడకు ఆ కానుగచెట్లు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు చెట్టు నీడే పాక కంటే మేలు, గాలి ఆడుతుంది. కార్తీకంలో తుఫాను వానలప్పుడు మాత్రం గట్టు మీద మెరక నేల, పైన ఒక కప్పు ఉండాల. దినాల తరబడి బురదలో నిలబడితే గిట్ట అడుగున కుళ్ళు పడుతుంది. అమ్మణ్ణీ, సాయంత్రం పూట గిట్టలెత్తి చూసి శుభ్రం చేసే పని నీది. వెనక నుంచి పోవద్దు. గుర్రానికి రెండు పక్కలా బాగా కనిపిస్తుంది గానీ, తోక వెనకాల, నుదుటి ముందర ఉన్నది కనిపించదు. భుజం పక్కగా, మాట వినిపిస్తా పోవాల.

మన బీడు జోరీగలున్న నేల. జోరీగ కుట్టిందంటే సర్రా అనే రోగం అంటుకోవచ్చు. జ్వరం వస్తా పోతా ఉంటుంది, మేస్తానే చిక్కిపోతుంది. 1880లో పంజాబులో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైన్యపు పశువైద్యుడు ఆ రోగం వచ్చిన గుర్రాల రక్తంలో పురుగును కనిపెట్టినాడు. అట్టాంటి పురుగు వల్ల రోగం వస్తుందని లోకానికి తెలిసింది మొట్టమొదట గుర్రాల మూలంగానే. సాయంత్రం వేపాకు పొగ వెయ్యండి. లద్దిని దినమూ ఎత్తి దూరంగా కుప్పెయ్యండి.

ఒంటరిగా వదలొద్దు. గుర్రం మందలో పుట్టిన జీవం. తోడు లేకపోతే కంచె పొంటి అటూ ఇటూ తిరిగి అలిసిపోతుంది, కొయ్య కొరుకుతుంది. నిలబడి కునుకు తీస్తుంది గానీ, ఒళ్ళెరగని నిద్ర కావాలంటే అది పడుకోవాల. కాపలా కాసే తోడొకటి ఉంటేనే నమ్మకంగా పడుకుంటుంది. ఇంకో గుర్రం కొనే స్థోమత లేకపోతే మేకో, గాడిదో, ఆవుదూడో ఉన్నా సర్దుకుంటుంది. మన గుర్రానికి ఒక మేకపోతు తోడుండేది. దాన్ని కొయ్యాలని ఎవురూ అనలేదు మన ఇంట్లో.

ఇదంతా పేదోడి బండి గుర్రానికి ఎందుకంటావేమో. చంద్రగిరి కోట చూసినావు కదా. ఆ కోటనేలిన సాళువ నరసింహరాయలు తర్వాత విజయనగర సింహాసనం ఎక్కినాడు. ఆయనకు ఒర్మూజు నుంచి, ఏడెన్ నుంచి ఓడల్లో గుర్రాలు వచ్చేవంట. చచ్చినా బతికినా వెల కట్టి తీసుకునేవాడని, సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా డబ్బు ఇచ్చేవాడని న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాసిపెట్టినాడు. అంత ఆశ ఎందుకంటే, గుర్రాలు లేని రాజ్యం నిలవదు, మన ఎండకు గుర్రం నిలవదు. అంతకు రెండు వందల ఏండ్ల ముందే మార్కో పోలో రాసినాడు, తమిళ తీరానికి వచ్చిన గుర్రాలు సరైన సాకుడు తెలియక ఏడాది తిరిగేసరికి శానా మటుకు చస్తా ఉన్నాయని. హైదరలీ 1782లో మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట కాడ దండులోనే చనిపోయినాడు. ఎంత రౌతుదళం ఈ నేల మీద మేసి పోయిందో ఆలోచించు. రాజులు ఖజానాలు పోసి కాపాడుకోలేకపోయిన జీవాన్ని మన జట్కా వాళ్ళు ఉలవలతో, కానుగ నీడతో, కంటి చూపుతో ఇరవై ఏండ్లు బతికించినారు. ఆ విద్య గొప్పదని నేను నమ్ముతాను. దాన్ని ఎవురూ రాసిపెట్టలేదు. ఆటోలు వచ్చినాక బండ్లు మూలపడినాయి, ఆ మనుషులతోనే అది కూడా పోతా ఉండాది.

ఇంకొకటి చెప్తాను. మీ పెద్దత్తను చెనక్కాయ చేలో రక్తపింజర కరిచింది తెలుసు కదా. ఆసుపత్రిలో ఎక్కించిన మందు గుర్రం ఇచ్చిందే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగు పాముల విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. ఆ రక్తం తీసి శుద్ధి చేసి మందు కడతారు. హైదరాబాదు పక్కన కూడా అందుకని గుర్రాలను సాకుతా ఉన్నారు. మీ అత్త ఈ పొద్దు మనతో కూర్చుని బువ్వ తింటా ఉందంటే, మొహం తెలియని ఏ గుర్రానికో మనం బాకీ ఉండాము.

కనుమ నాడు పశువులకు ఉప్పుచెక్క దంచి మింగించినట్టు మీ గుర్రానికి కూడా మింగించబోతారేమో, వద్దు. గుర్రం మందు డాక్టరు చేతి మీదుగానే పోవాల. రేపు పండగ హడావుడిలో పడకుండా ముందు మీ చిన్నాయనతో మాట్లాడి ముళ్ళతీగ చుట్ట చుట్టి తీయించు. వాసాలకు డబ్బు నేనిస్తాను. బావికి అడ్డం కట్టండి. గంప పట్టుకుని ఇద్దరూ బీడంతా నడవండి, గట్టు మీద కూర్చుని నేను చూస్తా ఉంటాను. మన పశువైద్య కళాశాల ఆసుపత్రిలో సర్రాకు రక్తం చూపించి, ధనుర్వాతానికి సూది వేయించినాకే గుర్రాన్ని తీసుకరండి.